పదమూడు మంది బట్టలు, రెండు రకాల నీళ్లు

పెద్ద కుటుంబంలో బట్టల పని ఎట్లా నెట్టుకొస్తున్నావని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది మెషీన్ ఎన్ని కిలోలది అని కాదు, మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయి అని. మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు పల్లె. అత్తమ్మ, మామ, మా ఆయన, ఇద్దరు మరుదులు, ఇద్దరు యారాండ్లు, ఐదుగురు పిల్లలు, నాతో కలిపి పదమూడు మందిమి. పెద్ద కోడలిని కాబట్టి బట్టల ఖాతా నా పేరు మీద పడింది.

మా ఇంట్లో రెండు నీళ్లున్నాయి. బోరు నీళ్లు మోటరు వేస్తే ఎప్పుడైనా వస్తాయి, కానీ అవి ఉప్పు నీళ్లు. సబ్బు బిళ్ల సగం అరిగినా నురగ రాదు, పైన తెల్లటి తెట్టు కడుతుంది. నల్లగొండ నీళ్లు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. అది తాగేవాళ్ల పళ్లకు, ఎముకలకు చేటు చేస్తుంది గానీ బట్టలను పాడుచేసేది అది కాదు. నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని తెట్టుగా మారుస్తాయి. ఆ తెట్టు దారాల మధ్య ఇరుక్కుంటుంది. తెల్ల పంచె బూడిద రంగుకు రావడం, తువ్వాల అట్టలాగా బిగుసుకుపోవడం దానివల్లనే. ఇంకో రెండు చెంచాల సర్ఫ్ వేస్తే తెల్లగా వస్తుందనుకోవడం ఉత్త ఖర్చు.

రెండోవి మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లా నీళ్లు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన పథకమే మా గల్లీ దాకా కృష్ణా నీళ్లు తెచ్చింది. వీటిలో నురగ తొందరగా వస్తుంది. అయితే నల్లా వచ్చేది పొద్దున కాసేపే, అందులో తాగడానికి, వంటకు పట్టుకున్నాకే బట్టల వంతు. శుద్ధి చేసిన తాగునీళ్లతో చేను బట్టల మట్టి వదిలించడం నాకు మనసొప్పదు కూడా. అందుకని నల్లా వచ్చినప్పుడు ఒక డ్రమ్ము బట్టల కోసం పక్కన పెడతాను. నానబెట్టడం, రుద్దడం, మొదటి జాడింపు బోరు నీళ్లతో. ఆఖరి జాడింపు మాత్రం డ్రమ్ము నీళ్లతో. తెట్టు బట్టలో ఉండిపోవాలా, పోవాలా అనేది ఆ ఆఖరి జాడింపులోనే తేలుతుంది. రెండు రకాల నీళ్లు ఉండి కూడా ఇట్లా వాడుకోని ఇళ్లు మా ఊళ్లోనే చాలా ఉన్నాయి.

బోరు నీళ్లు తప్ప గతిలేని వాళ్లు బట్టల సోడా వాడండి. వంటసోడా వేరు, ఇది వేరు, కిరాణా కొట్టులో పేరు చెప్పి అడగాలి. బొక్కెనెడు నీళ్లకు రెండు చెంచాలు ముందు వేసి బాగా కలిపి, కాసేపు ఆగి, తర్వాతనే సర్ఫ్ వేయాలి. సోడా ఆ ఉప్పులను విడగొడుతుంది కాబట్టి సర్ఫ్ తక్కువ పడుతుంది. చేతులు మండుతాయి, కర్రతో కలపండి. పట్టుకు, ఉన్నికి మాత్రం సోడా తగలనివ్వొద్దు.

ఇక మాసిన బట్టలు. మనిషికొక బుట్ట పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పదమూడు బుట్టలు పెట్టే జాగా ఎవరింట్లో ఉంది? ఎవరి బట్టలు అన్నది ఉతికాక మడతపెట్టేటప్పుడు చూసుకోవచ్చు. ఉతికే ముందు చూడాల్సింది ఏ మురికి అన్నదే. ఇంట్లో కట్టుకునేవి ఒక బుట్ట, బడికి, ఆఫీసుకు వేసుకెళ్లేవి ఒక బుట్ట. చేను బట్టలకు అసలు ఇంట్లోకి ప్రవేశం లేదు, వాటి టబ్బు బయట బోరు దగ్గరే ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మాది పత్తి చేను. పత్తికి మందు కొట్టిన రోజు బట్టలను మామూలు చేను బట్టల్లో కూడా కలపొద్దు. మందు కొట్టిన మనిషి బోరు దగ్గరే అంగీ, లాగు విప్పేయాలి. ఆ రోజే ఉతకాలి, ఎంత ఆలస్యం చేస్తే మందు బట్టను అంత పట్టుకుంటుంది. రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, ముందు ఉత్త నీళ్లతో బాగా జాడించి, తర్వాత వేడినీళ్లలో సర్ఫ్ వేసి విడిగా ఉతకాలి, మళ్లీ ఒకసారి అట్లాగే. టబ్బును కూడా సబ్బుతో కడగాలి. ఆ నీళ్లు బర్రెలు తాగే గోలెం దగ్గరికి, బావి దగ్గరికి పారకుండా చూసుకోవాలి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి బట్ట తడిసిందా, ఆ బట్ట మీద ఆశ వదులుకోండి, అది ఎన్నిసార్లు ఉతికినా పోదు. మా చిన్న మరిది మొదట్లో “ఇంత అవసరమా వదినా” అనేవాడు. పసిపిల్లల గౌన్లు కూడా ఇదే బోరు కాడ ఉతుకుతున్నాం కదా అన్నాను, మళ్లీ అనలేదు.

మాది సెమీ ఆటోమేటిక్ మెషీన్. కొనేటప్పుడు అందరూ ఫుల్లీ ఆటోమేటిక్ తీసుకోమన్నారు, నేనే వద్దన్నాను. ఇందులో ఒక్క సబ్బు నీళ్లనే మూడు నాలుగు వాయిలకు వాడుకోవచ్చు. ముందు తెల్లవి, తర్వాత లేత రంగు యూనిఫాంలు, తర్వాత ముదురు రంగులవి, చిట్టచివర మట్టి బట్టలు. ఎండాకాలంలో బోరు సన్నగిల్లినప్పుడు ఈ పద్ధతే ఇల్లు గడుపుతుంది. ఏడు కిలోలు అని రాసి ఉండేది పొడిబట్టల బరువు. టబ్బు నిండా కుక్కితే బట్టలు తిరగవు, మురికి పోదు. ఉప్పు నీళ్లకు మెషీన్ లోపల గార పడుతుంది కాబట్టి అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి వేడినీళ్లతో ఉత్తగా తిప్పండి. నిమ్మ ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి మాత్రం వేయొద్దు, వచ్చే గాలి ఊపిరితిత్తులను పట్టేస్తుంది.

మరకల్లో నేను చెప్పేవి రెండే. రక్తం మరకకు చన్నీళ్లే పోయాలి, వేడినీళ్లు పోస్తే అది అక్కడే కూర్చుంటుంది. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. బతుకమ్మకు గౌరమ్మను చేసిన రోజో, పెళ్లిలో నలుగు పెట్టిన రోజో తెల్లచీర మీద అది చూసి కొత్త కోడళ్లు టెన్షన్ పడతారు. ఏం కాదు, బాగా జాడించి మంచి ఎండలో వేయండి, పసుపు ఎండకు ఆగదు.

చీరల సంగతి కొంచెం ఎక్కువే ఉంది. మా అత్తమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు, ఇంట్లో గద్వాల చీరలకు కొదవలేదు. గద్వాల చీర ఒంటి బట్ట నూలు, అంచు, కొంగు పట్టు. ఈ రెండూ నీళ్లకు ఒక్కతీరుగా స్పందించవు. నూలు కుంచించుకుంటే అతుకు దగ్గర ముడతలు పడతాయి, అంచు రంగు దిగితే ఒళ్లంతా పాకుతుంది. కాబట్టి మొదటిసారి డ్రైక్లీనింగ్‌కే ఇస్తాం. ఆ తర్వాత అవసరమైతే కుంకుడుకాయ రసం కలిపిన చన్నీళ్లలో ముంచి తీసి, పిండకుండా నీడలో ఆరేస్తాం. నారాయణపేట నూలు చీరలు ఇంత గారాబం అడగవు, కానీ మొదటి రెండు మూడు ఉతుకులు ఒంటరిగానే సాగాలి. రంగు దిగుతుందో లేదో తెలియాలంటే తడి తెల్లగుడ్డను అంచు మీద గట్టిగా అద్ది చూడండి. వంట ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. ఇప్పటి రంగులకు అది పెద్దగా పనిచేయదు, అయినా ఆమె మాట కోసం పిడికెడు వేస్తాను.

పిల్లల్లో ముగ్గురు ఒకే బడి, ఒకే యూనిఫాం. కాలరు లోపల ఒకరికి ఎర్ర దారం, ఒకరికి పచ్చ దారం, ఒకరికి నీలం దారం రెండు కుట్లు వేశాను. పొద్దున ఎనిమిదింటికి “ఇది నాది, అది నీది” అనే పంచాయితీ బందయింది. సాక్సులన్నీ పాత దిండు గలీబులో వేసి మూతి కట్టి మెషీన్‌లో వేస్తే జత తప్పవు. పెద్దోడు గురుకులంలో చదువుతాడు, దసరా సెలవులకు బ్యాగు నిండా మాసిన బట్టలతో దిగుతాడు. ఆ బ్యాగు బయటే విప్పాలి, ఒక రాత్రి నానాలి, వాడే ఉతుక్కోవాలి.

మగవాళ్ల సంగతి అంటారా? కార్తీకంలో మా మరుదులిద్దరూ అయ్యప్ప మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజులు నల్ల బట్టలు విడిగా, తెల్లవారుజామున చన్నీళ్లలో వాళ్లే ఉతుక్కుని ఆరేసుకుంటారు, ఒక్క మాట అనరు. మాల తీసిన తెల్లారే చేతులు పడిపోయినట్టు బుట్టలో పడేస్తారు. దీక్షలో వచ్చిన పని దీక్ష తర్వాత ఎందుకు రాదని మా యారాండ్లే నిలదీశారు. అప్పటినుంచి ఎవరి లోబట్టలు, తువ్వాలలు వాళ్లు స్నానం చేసేటప్పుడే జాడించుకుంటున్నారు. చూడటానికి చిన్న మార్పు, మెషీన్‌కు వచ్చే కుప్పలో చాలా తగ్గింది.

ఆరేయడంలో మా దగ్గర శత్రువు ఎండే. వేసవిలో స్లాబు మీద రంగు బట్టలు తిరగేసి వేయాలి, ఆరగానే తీసేయాలి. ముసురు పట్టినప్పుడు బరువైనవి ఉతకడం మానేసి, రోజువారీవే కొన్ని కొన్ని ఉతికి, వసారాలో దండేల మధ్య జానెడు ఎడం ఉంచి ఫ్యాను కింద వేస్తాం. మాపటికల్లా ఆరకపోతే వాసన పడుతుంది, ఆ బట్టను మళ్లీ ఉతకడం కంటే ముందే తక్కువ ఉతకడం మేలు.

దండెం మీంచి తీసిన బట్టలు మంచం మీద కుప్ప పోస్తే అక్కడే మూడు రోజులుంటాయి. మా ఇంట్లో సాయంత్రం టీవీ ముందు కుప్ప పడుతుంది, ఒక్కో సంసారానికి ఒక మూల ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలందరూ తమవి ఏరుకుని మడతపెట్టాలి. మడత వంకర ఉన్నా నేను సరిచేయను, సరిచేస్తే ఆ పని మళ్లీ నాకే వస్తుంది. ఇస్త్రీ బడి బట్టలకు, మామ పంచెలకు మాత్రమే.

బొంతలు, చెద్దర్లు వానలు వెనకబడ్డాక, దసరాకు ముందు తీస్తాం. బొంతను మెషీన్‌లో వేయొద్దు, తడిస్తే దాని బరువుకు మోటరు కాలుతుంది. గోలెంలో సర్ఫ్ నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిల్లలను అందులో దింపి తొక్కించండి, వాళ్లకు అది ఆటే. రెండు దండేలు దగ్గరగా కట్టి వాటి మీద పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. ఒక్క ఎండకు ఆరినట్టే ఉంటుంది గానీ లోపలి దూది తడిగానే ఉంటుంది, మర్నాడు కూడా వేశాకే పెట్టెలో పెట్టండి.