కోషర్ పాటించేవారికి విమాన టికెట్ తీసే ముందు

కోషర్, అంటే యూదు మత ఆహార నియమాలు, పాటించే యూదు ప్రయాణికులకు టికెట్ తీసేటప్పుడు అందరూ ముందు భోజనం గురించే టెన్షన్ పడతారు. నేనైతే ముందు క్యాలెండర్ చూడమంటాను. తిండి సంచిలో పెట్టుకుని వెళ్లొచ్చు, శుక్రవారం పొద్దు గుంకడాన్ని మాత్రం ఎవరూ ఆపలేరు. అప్పటి నుంచి శనివారం చీకటి పడి చుక్కలు పొడిచేదాకా సబ్బాతు, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి దినం. ఆ వేళ ప్రయాణం చేయరు, డబ్బు ముట్టరు, లిఫ్టు బటన్ కూడా నొక్కరు.

చలికాలంలో చిక్కు ఎక్కువ. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. సబ్బాతు దీపాలు మామూలుగా అంతకు 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం అక్కడ దిగి సాయంత్రం న్యూయార్క్ విమానం ఎక్కుదామంటే కుదరదు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది. ఆ అనుభవంతో డిసెంబరు టికెట్ తీయకండి. చలికాలంలో గురువారం రాత్రికల్లా గమ్యం చేరేలా చూసుకోవడమే మంచిది, టికెట్ కాస్త ఖరీదైనా సరే. 2018 నవంబరులో మంచు తుఫాను వల్ల న్యూయార్క్‌లో గంటల తరబడి ఆగిపోయిన ఇజ్రాయెల్ సంస్థ ఎల్ ఆల్ విమానం సబ్బాతులోపు టెల్ అవీవ్ చేరలేక ఏథెన్స్‌లో దిగింది. సబ్బాతు పాటించేవాళ్లు అక్కడే ఉండిపోయారు. బయల్దేరింది గురువారం రాత్రే అయినా ఆ పరిస్థితి వచ్చింది.

పండుగలూ అంతే. సెప్టెంబరు, అక్టోబరుల్లో యూదుల కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ వెంటవెంటనే వస్తాయి. పండుగకు సబ్బాతు ఆనుకుని వస్తే ఒక్కోసారి వరసగా మూడు రోజులు కదలడానికి ఉండదు.

ఎంత చూసుకున్నా ఒక్కోసారి దారిలో ఇరుక్కుంటారు. అందుకే లేఓవర్ ఊళ్లో, అంటే విమానం మారే చోట, విమానాశ్రయానికి నడిచి వెళ్లగలిగే హోటల్ పేరు ముందే రాసి పెట్టుకోండి. పొద్దు గుంకకముందే గది అద్దె కట్టేయాలి. కింది అంతస్తులో గది అడగాలి. కరెంటుతో పనిచేసే కార్డు తాళాలైతే తలుపు సంగతి రిసెప్షన్‌లో ముందే మాట్లాడుకోవాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర యూదు మతం పాటించే బెనే ఎఫ్రాయిం అనే తెలుగు సమాజపు కుటుంబాల వంటివారు, భారత పాస్‌పోర్టు మీద వెళ్లేవారు, ఇంకొకటి చూసుకోవాలి. వీసా లేకపోతే చాలా దేశాల్లో విమానాశ్రయం దాటి హోటల్‌కు వెళ్లనివ్వరు. వీసా లేకుండానో, వచ్చాక తీసుకునే వీసాతోనో బయటికి పంపే ఊరు దొరికితే లేఓవర్ అక్కడే పెట్టుకోండి.

ఇక భోజనం. 'వెజ్ అడిగితే సరిపోదా' అని మనవాళ్లు అంటుంటారు. సరిపోదు. వండిన గిన్నె, చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి వాడే రెన్నెట్ (తరచూ దూడ పొట్ట నుంచి తీస్తారు), ఆకుకూరల్లో పురుగులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. టికెట్‌లో కోషర్ భోజనానికి కేఎస్ఎంఎల్ అనే కోడ్ ఉంటుంది. అది ప్రతి విమానానికీ విడిగా నమోదైందో లేదో చూడండి. టికెట్ అమ్మిన సంస్థ ఒకటి, విమానం నడిపేది ఇంకొకటి అయితే నడిపే సంస్థనే అడగండి. కొన్ని సంస్థలకు 24 గంటల ముందు చెబితే చాలు, కొన్ని 48 గంటలు అడుగుతాయి. విమానం మారితే కోడ్ ఎగిరిపోవచ్చు, మళ్లీ ఫోన్ చేయాల్సిందే. భోజనం రెండు పొరల సీలుతో వస్తుంది. ఆ సీలు ఊడకుండానే వేడి చేసి ఇవ్వాలి. సిబ్బంది మర్యాద కొద్దీ విప్పేస్తే ఇక ముట్టరు. అందుకే సీటులో కూర్చోగానే వాళ్లకు ఓ మాట చెప్పాలి.

అయినా సంచిలో ఒకటిన్నర రోజుకు సరిపడా తిండి ఉండాల్సిందే. కోషర్ ముద్ర ఉన్న బిస్కెట్లు, గింజలు, ముక్కలు చేయని పండ్లు, వాడి పారేసే ప్లేట్లు, చెంచాలు పెట్టుకోండి. శనగల ముద్ద హమ్మస్‌ను సెక్యూరిటీ వాళ్లు ద్రవంగానే లెక్కగడతారు, చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటితే పక్కన పడేస్తారు. పులిసిన పిండి తినని పస్కా పండుగ రోజుల్లో మామూలు కోషర్ భోజనం పనికిరాదు, పస్కాకు ప్రత్యేకంగా తయారైనదే కావాలి.

అమెరికాలో విమానం మారేవాళ్లు కూడా ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటాలి. మాంసం, పండ్లు దిగేలోపే తినేయండి. మిగిలితే కస్టమ్స్ అధికారులకు చెప్పండి, దాచితే జరిమానా పడొచ్చు.

ప్రార్థనకు కట్టుకునే తెఫిల్లిన్ తోలు పెట్టెలను చేతి సంచిలోనే ఉంచుకోండి. 2010 జనవరిలో న్యూయార్క్ నుంచి లూయీవిల్ వెళ్తున్న విమానంలో ఓ కుర్రాడు వాటిని కట్టుకుంటే, ఏమిటో తెలియక విమానాన్ని ఫిలడెల్ఫియాలో దించేశారు. కట్టుకునే ముందు పక్క సీటువాళ్లకు, సిబ్బందికి చెప్పండి.