సింకు కింద అరలో తడి: వేస్ట్ పైపు మార్చే ముందు ఇది చూడండి

సమస్య: సింకు కింద అర తలుపు తీయగానే ముక్కిన వాసన. చెత్తబుట్ట జరిపితే కింద చెమ్మ. అడుగు చెక్క ఉబ్బింది, మైకా అంచు లేచింది, తలుపు ఒరుసుకుంటోంది.

నన్ను పిలిచే ఇళ్లలో సగంమంది ముందే చెప్పే మాట, "వేస్ట్ పైపు మార్చామండీ, అయినా కారుతోంది." తడి ఎప్పుడు వస్తోందని అడిగితే మాత్రం చెప్పలేరు. అసలు చూడాల్సింది అదే. అర ఖాళీ చేసి, పైపులన్నీ పొడిగుడ్డతో తుడిచి, అడుగున పాత న్యూస్‌పేపరు పరవండి. రెండు రోజులు గమనిస్తే చాలు, కాగితమే చెబుతుంది.

రాత్రంతా కుళాయి వాడకపోయినా తెల్లారేసరికి తడి ఉంటే: నీళ్లొచ్చే వైపు లీకు. యాంగిల్ కాక్ (సింకు కింద గోడకు ఉండే చిన్న వాల్వు) కట్టేసి మరో రాత్రి చూడండి. తడి ఆగితే కనెక్షన్ పైపు గానీ, దాని వాషర్ గానీ పోయినట్టు. ఆర్‌ఓ మెషీన్ ఉంటే దాని సన్నపైపు జాయింట్లు కూడా తడిమి చూడండి.

అంట్లు తోమినప్పుడే తడి వస్తుంటే: వేస్ట్ కప్లింగ్, అంటే సింకు రంధ్రానికి బిగించి కింద పైపుకు కలిపే భాగం. కుళాయి సన్నగా తిప్పి చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. రంధ్రం మూసి సింకు నిండా నీళ్లు పట్టి, ఒక్కసారిగా వదలండి. ఆ బరువుకు లీకు బయటపడుతుంది. నట్టు విప్పి, వాషర్ మార్చి, చేత్తోనే గట్టిగా బిగించండి. ప్లాస్టిక్ నట్టుకు పానా పెడితే పగులుతుంది.

గట్టు కడిగాకే తడి వస్తుంటే: దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక ఇంట్లో మూడుసార్లు పైపు మార్చాను, కప్లింగ్ కొత్తది వేశాను. తడి మాత్రం సింకుకు జానెడు దూరంలో, పక్క అర గోడ దగ్గర పడుతోంది. గోడలో పైపు పగిలిందేమో, టైల్స్ కొట్టాల్సి వస్తుందేమో అని కూడా చెప్పేశాను. ఆ ఇంటి పెద్దావిడే పట్టుకున్నారు: "బాబూ, రాత్రి పొయ్యిగట్టు కడిగిన రోజే తడి ఉంటోంది. తుడిచి ఊరుకున్న రోజు లేదు."

టార్చి వేసి గ్రానైట్ అడుగున చూశాను. సింకు అంచు నుంచి పక్కకు తెల్లటి ఉప్పుచార. బోరు నీళ్లు పారి ఆరిన దారి అది. సింకుకూ బండకూ మధ్య పూసిన వైట్ సిమెంటు వెంట్రుకవాసి పగిలింది. నీళ్లు ఆ సందులో దిగి, బండ అడుగునే అంటుకుని పాకి, చెక్క తగిలిన చోట కారుతున్నాయి. అందుకే కారే చోట కింద కాగితం పెట్టి వెతికితే దొరకలేదు.

పరీక్ష సులువు. కుళాయి ముట్టుకోకుండా, మగ్గుతో సింకు అంచు చుట్టూ గట్టు మీదే నీళ్లు పోసి పావుగంట ఆగండి. కింద నుంచి టిష్యూ కాగితంతో అంచు వెంబడి అద్దుకుంటూ రండి. గట్టు మీద బిగించిన కుళాయి అయితే దాని మొదట్లో కూడా పోసి చూడండి.

పరిష్కారంలో తొందర పనికిరాదు. పగులు మీదే మళ్లీ పూస్తే నెల తిరక్కుండా ఊడుతుంది. పాత సిమెంటునూ, సిలికాన్‌నూ బ్లేడుతో పూర్తిగా గీకేయండి. జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వండి. న్యూట్రల్ సిలికాన్ అడిగి కొనండి. వెనిగర్ వాసన కొట్టే రకం రాతికి మంచిది కాదు. సందులోకి దిగేలా నింపి, వేలితో ఒక్క గీతగా లాగి, 24 గంటలు నీళ్లు తగలనివ్వద్దు. వైట్ సిమెంటు మళ్లీ వద్దు. వేడి గంజి వంచినప్పుడల్లా, బరువు గిన్నెలు పెట్టినప్పుడల్లా సింకు కాస్త కదులుతుంది. సిమెంటు ఆ కదలికకు సాగదు, పగులుతుంది.

గోడలో పైపు పగలడం, వానాకాలం పైపుకు చెమట పట్టడం కూడా ఉంటాయి గానీ అరుదు. పై మూడూ కాదని తేలాకే అటు చూడండి.

వంటగది కొత్తగా చేయించుకుంటున్నవాళ్లకు: సింకు కింద అరకు పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ఒప్పుకోవద్దు. ఉబ్బితే మళ్లీ మామూలుగా అవ్వవు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ (నీటిని తట్టుకునే మెరైన్ రకం) అడగండి. పైపు కోసం కోసిన రంధ్రం అంచులు పచ్చిగా వదిలేస్తారు. దగ్గరుండి వాటికి సీలర్ పూయించండి. బండ బిగించక ముందే ముందంచు అడుగున సన్నటి గాడి కోయించండి, గట్టు మీది నీళ్లు తలుపుల వెనక్కి పాకకుండా అక్కడే రాలిపోతాయి. పాత బండ అలాగే ఉంచి కింద అరలు మాత్రమే మారుస్తుంటే, వడ్రంగి కొలతలకు వచ్చే ముందు రోజే మగ్గు పరీక్ష చేసి పెట్టుకోండి. అరలు బిగించాక ఆ అంచు కింద చెయ్యి పట్టదు.