హనుమకొండ కోర్టులో చార్జిషీటు నకళ్లు తీసుకునే ముందు

నకళ్లకు రుసుము లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 230వ సెక్షన్ ప్రకారం, నిందితుడు హాజరైన నాటి నుంచి 14 రోజులు మించకుండా మేజిస్ట్రేటే ఉచితంగా ఇప్పించాలి.

అందినట్టు సంతకం చేసే ముందు:

☐ పుటలు లెక్కపెట్టండి. సిగ్గుపడకండి, వెనుక వరుస ఎంత పొడవున్నా సరే.

☐ ఎఫ్‌ఐఆర్, వాంగ్మూలాలు, పంచనామా ఉన్నాయా? సాక్షుల జాబితాతో వాంగ్మూలాలను పేరు పేరునా పోల్చండి. జాబితాలో పన్నెండు పేర్లుండి వాంగ్మూలాలు తొమ్మిదే ఉంటే కారణం అడగండి. డాక్టరు, దర్యాప్తు అధికారి వంటివారికి వాంగ్మూలం లేకపోవచ్చు. పక్కింటి సాక్షిది లేకపోతే మాత్రం వెంటనే వకీలుకు చెప్పండి.

☐ జిరాక్సు మసకగా ఉంటే వేరేది అడగండి.

☐ పెన్‌డ్రైవ్ ఇస్తే తెరిచి చూడండి.

వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి.