చలికి కొత్త రగ్గు కొనే ముందు పాత చీరలు తీయండి

కార్తీకం వచ్చేసింది, ఇంక ధనుర్మాసానికి మన కోనసీమలో తెల్లారేసరికి కొబ్బరి తోటలన్నీ మంచులో మునిగిపోతాయి కాబట్టి, ఎండ బాగున్న ఈ రోజుల్లోనే ఒక బొంత కుట్టేసుకోండి. నాలుగు పాత నేత చీరలు చాలు. 5.5 మీటర్ల చీరను సగానికి మడిస్తే ఒక మనిషికి సరిపడా పొడవొస్తుంది, నాలుగూ పేరిస్తే ఎనిమిది పొరలు. ఆ పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం, అందుకే మరీ దగ్గరగా కుట్టకండి, జానెడుకో వరుస కచ్చా కుట్టు వేస్తే సరిపోతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు రండి, మా అమ్మ ఇదొక్కటీ గట్టిగా చెప్పేది, అంచు నుంచి కుడితే లోపలి చీర ముడుచుకుపోయి గడ్డ కడుతుంది. మెత్తబడిన నూలు చీరలే వాడండి, పాలిస్టర్ జారిపోతుంది.

మిగిలిన ముక్కల్ని చుట్టి తలుపు కింద సందులో పెడితే ఈదురుగాలి రాదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కదా, ఇప్పుడే వెడల్పు మూతి సీసాలోకి మార్చేయండి. నీళ్లు కాచడానికి ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు వానకి తడవకుండా చూరు కింద పేర్చుకోండి, గ్యాస్ మిగులుతుంది.

నిప్పుల కుంపటి మాత్రం తలుపులు వేసిన గదిలో దయచేసి పెట్టకండి, దాన్నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది.