క్లచ్ జారుతోందా, గేర్ పడటం లేదా? గేర్‌బాక్సు దించే ముందు, దించాక

క్లచ్ ప్లేటు విప్పి కొత్తది పెట్టడానికి అరగంట కూడా పట్టదు. ఆ ప్లేటు దాకా చేరి, మళ్లీ అన్నీ బిగించుకునేసరికి మాత్రం కొత్తవాళ్లకు రెండు రోజులు గడిచిపోతాయి. క్లచ్ కేబుల్ సరిచేస్తే పోయేదానికి గేర్‌బాక్సు దించుకున్నవాళ్లు ఉన్నారు. చిన్న సీలు వదిలేసి, నెల తిరక్కుండానే మళ్లీ దించినవాళ్లూ ఉన్నారు. అందుకే తప్పు ఎక్కడుందో కనిపెట్టడం గురించి, దించాక ఏమేం చూడాలో దాని గురించి ఎక్కువ చెబుతాను. ఇంజన్ అడ్డంగా ఉండి, ముందు చక్రాలకు శక్తి వెళ్లే మాన్యువల్ గేర్ల కారును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బోల్టుల బిగుతు, విప్పే వరుస ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ కారు సర్వీస్ మాన్యువల్ పక్కన ఉండాల్సిందే.

ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం అందుకోవడం లేదు

ఇది క్లచ్ జారడం. మొదట పై గేర్లలోనే బయటపడుతుంది. నాలుగో గేరులోనో ఐదో గేరులోనో ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు గబుక్కున పైకి లేస్తుంది, స్పీడు ఉన్నచోటే ఉంటుంది. మొదటి గేరులో బాగానే లాగుతోంది కదా అని ఊరుకోకండి, అక్కడ కూడా జారే సమయానికి ప్లేటు పూర్తిగా అయిపోయి ఉంటుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సమతలంగా ఉన్నచోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు మనుషులెవరూ ఉండకూడదు. మూడో గేరు వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, క్లచ్ పెడల్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. ఒక్కసారి చేస్తే చాలు, ఊరికే చేస్తూ పోతే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

జారుతోందని తేలినా గేర్‌బాక్సు వైపు అప్పుడే వెళ్లకండి. కేబుల్ ఉన్న కారైతే ముందు పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి. చాలా కార్లలో మొదటి 10 నుంచి 25 మిల్లీమీటర్లు ఏ బరువూ లేకుండా వదులుగా కదలాలి, కచ్చితమైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం వైపు జరుగుతుంది, ప్రెషర్ ప్లేటుకు ఉండే డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు, పెడల్ తొక్కితే వాటిని నొక్కే రిలీజ్ బేరింగు వైపు వస్తాయి, ఆ వదులు తగ్గిపోతూ ఉంటుంది. అసలు వదులే లేకపోతే, కాలు తీసేసినా బేరింగు స్ప్రింగును నొక్కుతూనే ఉంటుంది. అంటే మీరు రోజంతా హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నట్టు లెక్క. దాన్ని సరిచేశాక జారడం ఆగితే పని అక్కడికి అయిపోయింది. కొన్ని కార్లలో కేబుల్ తనంతట తానే సరిచేసుకుంటుంది, వాటికి ఈ కొలత వర్తించదు.

ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎక్కువసేపు హాఫ్ క్లచ్ వేసినప్పుడు మాడు వాసన రావడం మామూలే. క్లచ్ చల్లారాక జారకపోతే టెన్షన్ అక్కర్లేదు.

గేర్ పడటం లేదు, రివర్స్ వేస్తే కర్రుమంటోంది

ఇక్కడ తప్పు తిరగబడింది. క్లచ్ పట్టుకోవడం బాగానే ఉంది, వదలడమే లేదు. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. ఆపినా బిగుసుకుని ఉంటే గేర్ లివర్ కేబుళ్లనో, గేర్‌బాక్సునో చూసుకోవాలి.

క్లచ్‌కు ఆయిల్ లైను ఉన్న కార్లలో పెడల్‌ను గబగబా మూడు నాలుగు సార్లు తొక్కి గేరు వేయండి. అప్పుడు పడితే లైనులో గాలి చేరినట్టు, లేదా పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్సు దగ్గర ఆ ఒత్తిడిని అందుకునే స్లేవ్ సిలిండర్‌లలో ఒకటి కారుతున్నట్టు. పెడల్ పైభాగంలో, రాడ్డు గోడలోకి దూరే చోట వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు బయట ఉంటే దాని రబ్బరు తొడుగు కొంచెం ఎత్తండి, లోపల నుంచి ఆయిల్ జారితే దొంగ దొరికినట్టే. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్ డబ్బా. అందులో మట్టం తగ్గుతోందంటే రేపటి దాకా వాయిదా వేయకండి.

కేబుల్ కారైతే రెండు చివర్లా పోగులు తెగి ఉన్నాయేమో చూడండి. తర్వాత ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు గేర్‌బాక్సు దగ్గర, రిలీజ్ బేరింగును నెట్టే ఫోర్కు ఎంత కదులుతోందో చూడాలి. అది మాన్యువల్‌లో చెప్పినంత కదులుతున్నా గేరు పడకపోతేనే తప్పు లోపల ఉంది. ప్లేటు వంగి ఉండొచ్చు, స్ప్రింగు వేళ్లలో ఒకటి విరిగి ఉండొచ్చు, గేర్‌బాక్సు నుంచి ప్లేటులోకి దూరే ఇన్‌పుట్ షాఫ్టు పళ్ల మీద ప్లేటు తుప్పుపట్టి జరగకపోవచ్చు. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండిలో ప్లేటు ఏకంగా ఫ్లైవీల్‌కే అతుక్కుపోవచ్చు.

వణుకు, శబ్దం, బరువు

బండి కదిలేటప్పుడు వణికితే ముందు ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే ఇంజన్ మౌంట్లు చూడండి, రబ్బరు చిరిగితే ఇదే వణుకు వస్తుంది. మౌంట్లు బాగుంటే ప్లేటు మీద ఆయిల్ పడి ఉండాలి, లేదా ఫ్లైవీల్ వేడికి మచ్చలు పడి ఉండాలి. రెండిటికీ దించక తప్పదు.

శబ్దం సంగతి తేలిక. పెడల్ తొక్కినప్పుడు మొదలైతే రిలీజ్ బేరింగు. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వస్తూ, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు మీద అనుమానపడాలి. క్లచ్ సెట్టు మార్చినా అది పోదు. పెడల్ బరువెక్కితే కేబుల్ తుప్పుతో మొదలుపెట్టి ఫోర్కు దాకా చూసుకుంటూ వెళ్లండి.

దించడం

మట్టి నేల మీద, వాలు మీద ఈ పని వద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు ఉండాలి. స్టాండ్ల మీద నిలిపాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే కింద దూరండి. చిన్న కారు గేర్‌బాక్సు కూడా 30 కిలోల అటూఇటూ ఉంటుంది, పడుకుని ఛాతీ మీదకు దించుకునే సాహసం వద్దు. గేర్‌బాక్సు జాకీ గానీ, బలమైన తోడు గానీ ఉండాలి.

బ్యాటరీ నెగటివ్ వైరు మొదట తీయాలి, ఎందుకంటే స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. చక్రాల మధ్యలో ఉండే హబ్ నట్లు విప్పాల్సిన కారైతే, చక్రాలు నేల మీద ఉన్నప్పుడే వాటిని వదులు చేసుకోవాలి. గేర్ ఆయిల్ వంపేయకుండా, గేర్‌బాక్సు నుంచి చక్రాలకు వెళ్లే డ్రైవ్ షాఫ్టులు లాగితే అంతా మీ మీదే పోస్తుంది. గేర్‌బాక్సు వైపు మౌంట్ తీసే ముందు ఇంజన్‌కు కింద నుంచి చెక్క అడ్డం పెట్టి ఆనించండి, లేదా పై నుంచి వేలాడదీయండి. గేర్‌బాక్సును ఇంజన్‌కు కలిపే బెల్ హౌసింగు బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒక అట్టముక్క మీద గేర్‌బాక్సు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

గేర్‌బాక్సు కింద ఉన్నంతసేపూ క్లచ్ పెడల్ ఎవరూ తొక్కకూడదు. తొక్కితే స్లేవ్ పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

లోపల పేరుకున్న నల్లటి పొడిని గాలి కొట్టి ఊదకండి. పాత ప్లేట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. ప్రెషర్ ప్లేటు కవర్ బోల్టులను ఎదురెదురుగా, ఒక్కోటి అరచుట్టు చొప్పున వదులు చేయాలి, ఒకవైపే విప్పేస్తే కవరు వంగిపోతుంది.

పాత ప్లేటు చెప్పే సంగతులు

చాలామంది పాత ప్లేటును పక్కన పడేసి కొత్తదాని డబ్బా తెరుస్తారు. కాసేపు ఆగి వెలుతురులో చూడండి. రివెట్ల తలలు పైకి తేలి ఫ్లైవీల్ మీద గీతలు పడి ఉంటే ప్లేటు సహజంగానే అరిగింది, ఇంకేం వెతకనక్కర్లేదు. మందం బాగానే ఉండి, పైన నల్లగా నిగనిగలాడుతూ ఉంటే మాత్రం అది ఆయిల్ తాగింది. ఆ ఆయిల్ ఎక్కడిదో తేల్చకుండా కొత్త ప్లేటు వేస్తే దానికీ అదే గతి.

వేలికి రాసుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం కలిసిన ఘాటు ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు అది ఉండదు. ఘాటు ఉంటే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు మార్చాలి. లేకపోతే ఫ్లైవీల్ విప్పి దాని వెనక క్రాంక్ షాఫ్టు సీలు చూడాలి, తడి అక్కడి నుంచే కిందికి జారి ఉంటుంది. విప్పిన ఫ్లైవీల్‌కు కొత్త బోల్టులే వాడండి.

ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, గోటికి తగిలే పగుళ్లు ఉన్నాయేమో చూడండి. పైపై మచ్చలైతే లేత్ మీద చదును చేయించవచ్చు, పగుళ్లు లోతుగా ఉంటే మార్చాల్సిందే. మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అయితే లేత్ మాట ఎత్తకండి. చేత్తో తిప్పి, ఊపి, ఆట ఎంతుందో మాన్యువల్‌తో పోల్చుకోండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చండి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్సు లోపలే ఉండే రకమైతే దాన్ని కూడా కలపండి. బేరింగు ఇంకా బాగానే తిరుగుతోందని పాతదాన్నే పెట్టడం నా దృష్టిలో పిసినారితనం.

బిగించడం

కొత్త ప్రెషర్ ప్లేటు ముఖం మీద తుప్పు పట్టకుండా పలుచని ఆయిల్ పూత ఉంటుంది, దాన్ని క్లీనర్‌తో తుడిచేయాలి. ఆ ముఖాలను జిడ్డు చేతులతో ముట్టుకోకండి. రిలీజ్ బేరింగును మాత్రం ఏ క్లీనర్‌తోనూ కడగకూడదు, లోపలి గ్రీజు పోతుంది. ప్లేటుకు సాధారణంగా స్ప్రింగులు ఉబ్బిన వైపు గేర్‌బాక్సు వైపు ఉండాలి, చాలావాటి మీద ఏ వైపో అచ్చు వేసి ఉంటుంది. షాఫ్టు పళ్లకు వేడిని తట్టుకునే గ్రీజు రాయండి, రాసిందే తెలియనంత పలుచగా. ప్లేటును ఒకసారి ఎక్కించి దించి, అంచుకు వచ్చిన గ్రీజు తుడిచేయండి.

ప్లేటును సరిగ్గా మధ్యలో నిలిపే సెంటరింగ్ టూల్ గుచ్చి, కవర్ బోల్టులను మళ్లీ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, చివరికి టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న బిగుతు ఇవ్వాలి. తనంతట తాను సర్దుకునే రకం ప్రెషర్ ప్లేటుకు వేరే టూల్ కావాలి, అది లేకుండా బిగిస్తే దాని లోపలి సర్దుబాటు పాడైపోతుంది.

ఇక ఓపికను పరీక్షించే ఘట్టం, గేర్‌బాక్సు ఎక్కించడం. షాఫ్టు ప్లేటులోకి దూరాక గేర్‌బాక్సు బరువు క్షణం కూడా షాఫ్టు మీద వేలాడకూడదు, ప్లేటు మధ్యభాగం వంగుతుంది. వేలు మందం సందు మిగిలి అక్కడే ఆగిపోతే బోల్టులతో లాక్కోవాలని చేతులు దురద పెడతాయి. లాగితే గేర్‌బాక్సుకు బోల్టు దూరే అల్యూమినియం చెవి విరగొచ్చు. గేర్‌బాక్సును గేరులో పెట్టి, ఇంకొకరి చేత క్రాంక్ పుల్లీ నట్టును పానాతో మెల్లగా తిప్పించండి. పళ్లు కలిసిన క్షణంలో అది దానంతటదే లోపలికి జారుతుంది. గేర్‌బాక్సును ఇంజన్‌కు సూటిగా కూర్చోబెట్టే గైడ్ పిన్నులు రెండూ వాటి చోట ఉన్నాయో లేదో ముందే చూసుకుని ఉండాలి.

అన్నీ కలిపాక గేర్ ఆయిల్ పోసి, కేబుల్ వదులు సరిచేయండి లేదా లైనులో గాలి తీయండి. చక్రాలు గాలిలో ఉండగానే ముందు ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూసి, తర్వాత స్టార్ట్ చేయండి.

కొత్తది వేశాక కూడా సరిగా లేకపోతే

గేరు పడకపోతే ముందు గాలి, కేబుల్ చూడండి. ఫోర్కు పూర్తిగా కదులుతున్నా పడకపోతే ప్లేటు తిరగేసి పెట్టి ఉండొచ్చు, లేదా గేర్‌బాక్సు బరువుకు వంగి ఉండొచ్చు. కొత్త ప్లేటు జారితే కేబుల్ మరీ బిగుతుగా ఉందేమో చూడండి. కొద్దిపాటి వణుకు, కొద్దిపాటి వాసన మొదట్లో ఉంటాయి. తొలి 500 కిలోమీటర్లు నిండు లోడుతో ఎత్తులు ఎక్కించకుండా, అదే పనిగా హాఫ్ క్లచ్ వేయకుండా నడిపితే ముఖాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా వణుకు తగ్గకపోతే గ్రీజో ఆయిలో ప్లేటు మీదకు చేరిందని అర్థం, దాన్ని బయటి నుంచి బాగుచేసే మార్గం లేదు, గేర్‌బాక్సు మళ్లీ దించాల్సిందే.