ఇంటి కంప్యూటర్ – 7వ పాఠం: బొమ్మ మార్చినా ఐకాన్ మారకపోతే

గత పాఠంలో డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌కు మనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవడం చెప్పాను. ఆ వారమంతా ఫోన్లే. నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఒకాయన ల్యాప్‌టాప్ తెరిచి మరీ చూపించారు. అందరిదీ ఒకటే మాట: "సార్, మీరు చెప్పినట్టే చేసిన. ఐకాన్ మారలే." ఈసారి ఫోల్డర్లు సర్దుకోవడం చెప్పాల్సింది. దాన్ని వచ్చే వారానికి జరిపాను.

వచ్చిన ఫోన్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది హాలియా నుంచి వచ్చింది. అక్కడ ఎరువుల దుకాణం నడిపే ఒకమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. కొడుకు మన పాఠం చూసి బిల్లుల ప్రోగ్రామ్‌కు బస్తా బొమ్మ, ఉద్దెర పద్దుకు ఎర్ర అట్ట పుస్తకం బొమ్మ పెట్టాడు. నాలుగు రోజులు ఆమె ఎవరినీ పిలవకుండా తనే బిల్లులు కొట్టింది. ఐదో రోజు పొద్దున కంప్యూటర్ ఆన్ చేసేసరికి రెండూ తెల్ల కాగితాలై కూర్చున్నాయి. దుకాణం ముందు రైతులు నిలబడి ఉన్నారు. "బిడ్డా, బస్తా పోయింది, ఏది నొక్కాల్నో తెలుస్తలేదు" అని కాలేజీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసిందట. ఐకాన్ అంటే సోకు కోసం పెట్టుకునేది అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఆ అబ్బాయి బొమ్మ ఫైళ్లను డౌన్‌లోడ్స్‌లోనే ఉంచాడు. తర్వాత చెత్త ఎక్కువైందని డౌన్‌లోడ్స్ మొత్తం ఖాళీ చేశాడు. బొమ్మ ఫైలు ఎక్కడ పెట్టాలో నేను గత పాఠంలో చెప్పలేదు. తప్పు నాది.

షార్ట్‌కట్ లోపల బొమ్మ ఉండదు. బొమ్మ ఫలానా చోట ఉందని చిరునామా మాత్రమే రాసి ఉంటుంది. విండోస్ కూడా ప్రతిసారీ ఆ చిరునామాకు వెళ్లి బొమ్మ తెచ్చుకోదు. ఒకసారి తెచ్చిన బొమ్మను తన దగ్గర దాచుకుని దాన్నే చూపిస్తుంటుంది. ఈ దాచుకునే చోటును ఐకాన్ క్యాష్ అంటారు. అంటే తేడా మూడు చోట్ల రావచ్చు: చిరునామాలో, బొమ్మ ఫైలులో, విండోస్ దాచుకున్నదాంట్లో. అందుకని ఏదో ఒకటి నొక్కి చూద్దామని మొదలుపెట్టకండి. ముందు ఐకాన్‌ను ఒకసారి బాగా చూడండి. తెల్ల కాగితంలా ఉంటే మొదట చిరునామాను అనుమానించండి. పాత బొమ్మే కదలకుండా ఉంటే క్యాష్‌ను అనుమానించండి. బొమ్మ ఎంచుకునే దగ్గరే మొరాయిస్తే ఫైలే సరిగా లేదు.

చిరునామా సంగతి చిన్నది. నేను సీ డ్రైవ్‌లో 'ఐకాన్లు' అని ఒక ఫోల్డర్ పెట్టుకుంటాను. బొమ్మ ఫైళ్లన్నీ ముందు అందులోకి చేరాకే షార్ట్‌కట్‌కు పెడతాను. డౌన్‌లోడ్స్‌లో వద్దు, పెన్‌డ్రైవ్‌లో అసలే వద్దు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో లెక్కలు రాసే ఒక తమ్ముడు పెన్‌డ్రైవ్ నుంచే బొమ్మ పెట్టి, సాయంత్రం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. తర్వాత ఏమైందో మీరే ఊహించగలరు.

ఇక బొమ్మ ఫైలు. ఎక్కువమంది పడ్డది ఇక్కడే. దీని మీద కాస్త సేపు నిలబడతాను.

షార్ట్‌కట్‌కు పెట్టే బొమ్మ ఐసీఓ (.ico) రకం ఫైలు, అంటే విండోస్ ఐకాన్ల కోసం వాడే రకం, అయి ఉండాలని చెప్పాను. చాలామంది ఏం చేశారంటే, ఫోన్‌లో తీసిన ఫొటోనో, పీఎన్‌జీ (.png) బొమ్మనో తీసుకుని పేరు చివర ఐసీఓ అని మార్చేశారు. పేరు మారిస్తే ఫైలు మారదు. వడ్ల బస్తా మీద బియ్యం అని రాస్తే లోపలివి వడ్లే కదా. ఈ ఒక్క పని చేయొద్దని నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరికీ చెబుతాను. అయినా మళ్లీ అదే చేస్తారు. కారణం ఏమిటంటే పేరు మార్చగానే పని అయిపోయినట్టే కనిపిస్తుంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను చూపించదు. 'చీర' అని కనిపించే ఫైలు పేరు నిజానికి 'చీర డాట్ పీఎన్‌జీ'. మీరు దాన్ని 'చీర డాట్ ఐసీఓ' అని మారిస్తే అది 'చీర డాట్ ఐసీఓ డాట్ పీఎన్‌జీ' అవుతుంది. చివరి పీఎన్‌జీ మీకు కనబడదు కాబట్టి ఐసీఓ అయిపోయిందనుకుంటారు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఉండే చేంజ్ ఐకాన్‌లో బ్రౌజ్ నొక్కితే ఆ ఫైలు అసలు జాబితాలోనే ఉండదు. "నా ఫైలు మాయమైంది సార్" అని ఫోన్ చేసినవాళ్లందరిదీ ఇదే కథ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్కు పెట్టుకోండి. విండోస్ 11లో అయితే వ్యూ కింద షో అని ఉంటుంది, అందులో దొరుకుతుంది. ఆ టిక్కు ఇక ఎప్పటికీ తీయకండి.

రెండో మెలిక తోక కనిపించేవాళ్లది. వాళ్లు నిజంగానే తోక మార్చగలుగుతారు. ఫైలు జాబితాలో కనబడుతుంది, ఎంచుకుంటారు. అప్పుడు విండోస్ ఈ ఫైలులో ఐకాన్లు లేవని ఒక మాట చెప్పి, తన సొంత బొమ్మల జాబితా చూపిస్తుంది. ఆ మాట చదవకుండా ఓకే కొట్టేస్తే తెలియని బొమ్మ ఏదో వచ్చి కూర్చుంటుంది.

అనుమానంగా ఉంటే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గీతల్లా ఉంటుంది, పట్టించుకోకండి. మొదటి లైను మొదట్లోనే పీ, ఎన్, జీ అనే మూడు అక్షరాలు కనిపిస్తే పేరు ఏదైనా సరే అది పీఎన్‌జీనే. మొదట్లో జేఎఫ్ఐఎఫ్ అని కనిపిస్తే అది జేపీజీ ఫొటో. చూసి మూసేయండి, సేవ్ మాత్రం చేయొద్దు.

నిజమైన ఐసీఓ తయారు చేయడానికి నేను వాడేది జింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్. ఉచితంగా దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో మార్చే సైట్లు బోలెడున్నాయి గానీ, పక్కింటి పిల్ల ఫొటో, దుకాణం లోగో ఎవరి సర్వర్‌లోకో ఎక్కించడం నాకు నచ్చదు. బొమ్మను చదరంగా కత్తిరించి, 256 పిక్సెళ్లకు తగ్గించి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పేరు చివర ఐసీఓ అని ఇవ్వండి. ఇక్కడ పేరు ఇస్తే చాలు, జింప్ నిజంగానే ఆ రకంలోకి మార్చి రాస్తుంది. ఇంకా నేర్పుగా చేయాలంటే లేయర్‌ను, అంటే బొమ్మ పొరను, నకలు తీసి 48, 32, 16 పిక్సెళ్ల సైజుల్లో కూడా పెట్టండి. ఒక్కో లేయర్ ఐసీఓలో ఒక్కో సైజు బొమ్మ అవుతుంది. గద్వాలలో చీరల దుకాణం ఉన్న చెల్లె ఒకామె చీర మొత్తం ఫొటో పెట్టింది. చిన్న సైజులో అది మరకలా కనిపించింది. చీరంతా వదిలేసి, జరీ అంచు ఒక్క ముక్క మాత్రమే కత్తిరించి పెట్టమన్నాను. ఎర్ర రంగు మీద బంగారు గీత, 16 పిక్సెళ్లలో కూడా గుర్తుపట్టేలా వచ్చింది.

ఇప్పుడు క్యాష్. అదే పేరుతో, అదే చోట కొత్త బొమ్మను పాతదాని మీద రాసేస్తే విండోస్‌కు తేడా తెలియకపోవచ్చు. నా అడ్డదారి ఏమిటంటే ఫైలు పేరే మార్చేస్తాను. బస్తా1 పోయి బస్తా2 వస్తుంది. షార్ట్‌కట్‌కు బస్తా2 చూపిస్తే చిరునామా కొత్తది కాబట్టి బొమ్మ కొత్తగా తెచ్చుకుంటుంది. నాకు చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

అప్పటికీ మారకపోతే కీబోర్డులో విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కండి. రన్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఈ, అంకె 4, యు, ఐ, ఎన్, ఐ, టి వరసగా ఖాళీ లేకుండా కొట్టి, డాట్ ఈఎక్స్ఈ చేర్చి, ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత పెట్టి దానికి ఆనించి షో అని కొట్టండి (ie4uinit.exe -show), ఎంటర్ నొక్కండి. ఇది విండోస్ 10, 11లకు. ఏ సందేశమూ రాదు, కంగారు పడకండి. ఎఫ్5 ఎన్నిసార్లు నొక్కినా ఈ పని జరగదు.

ఇదీ పనిచేయకపోతే క్యాష్ ఫైళ్లనే తీసేయాలి. రన్ పెట్టెలో శాతం గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ శాతం గుర్తు కొట్టి (%localappdata%) ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చోట మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్‌కు వెళ్లండి. ఐకాన్‌క్యాష్ అని మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని అక్కడే డిలీట్ కొడితే వాడకంలో ఉన్నాయని ఒప్పుకోదు. పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి, అదే ఫోల్డర్‌లో నల్ల కిటికీ తెరుచుకుంటుంది. తెరిచి ఉన్న మీ పనులన్నీ సేవ్ చేసుకుని, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎండ్ టాస్క్ చేయండి. టాస్క్‌బార్, ఐకాన్లు అన్నీ మాయమవుతాయి. టెన్షన్ పడొద్దు, ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. నల్ల కిటికీలో డెల్, ఒక ఖాళీ, ఐకాన్‌క్యాష్, దానికి ఆనించి నక్షత్రం గుర్తు, డాట్ డీబీ అని కొట్టండి (del iconcache*.db). నక్షత్రం ముందు ఐకాన్‌క్యాష్ అనే మాట ఉందో లేదో చూసుకున్నాకే ఎంటర్ కొట్టండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో 'రన్ న్యూ టాస్క్' నొక్కి ఎక్స్‌ప్లోరర్ అని ఇస్తే అన్నీ తిరిగి వస్తాయి. క్యాష్‌ను విండోస్ మళ్లీ తనే తయారు చేసుకుంటుంది.

డెస్క్‌టాప్ మీద మారి, కింద టాస్క్‌బార్ మీద మారలేదంటే అది వేరే షార్ట్‌కట్. అక్కడ అన్‌పిన్ చేసి, కొత్త బొమ్మ ఉన్నదాన్ని మళ్లీ పిన్ చేయండి. దిస్ పీసీ, రీసైకిల్ బిన్ బొమ్మలు ప్రాపర్టీస్‌లో మారవు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో థీమ్స్, అందులో డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్‌లో మారతాయి.

దేవరకొండ జిరాక్స్ షాపు అన్న అడిగింది ఇంకోటి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ భూరికార్డుల సైటు ధరణి స్థానంలో భూభారతి వచ్చాక ఆయన షార్ట్‌కట్ పేరు, లింకు రెండూ మార్చుకున్నాడు, బొమ్మ మాత్రం పాతదే. బ్రౌజర్ అడ్రస్ బార్ నుంచి డెస్క్‌టాప్ మీదికి లాగిన షార్ట్‌కట్ అది. అలాంటివాటికి ప్రాపర్టీస్‌లో షార్ట్‌కట్ ట్యాబ్ వెతకొద్దు. వెబ్ డాక్యుమెంట్ అనే ట్యాబ్‌లో చేంజ్ ఐకాన్ ఉంటుంది.

అభ్యాసం: మీ ఇంట్లో ఇంగ్లిష్ చదవలేనివాళ్లు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు వాడే మూడు పనులకు ఏ బొమ్మలు కావాలో వాళ్లనే అడిగి, మూడు ఐసీఓలు మీరే తయారు చేసి పెట్టండి. తర్వాత షార్ట్‌కట్ల కింద పేర్లు తీసి 1, 2, 3 అని మాత్రమే ఉంచండి. ఒక రోజు ఆగి, వరస కూడా మార్చి, ఏ బొమ్మ ఏ పనికో అడగండి. తడబడిన బొమ్మను మళ్లీ చేయండి. మళ్లీ చేసేటప్పుడు బొమ్మ ఫైలు పేరు చివర 2 పెట్టడం మరవకండి.