వారం మధ్యలో రాత్రి భోజనానికి కైమా బన్నులు చేసుకోవడం ఎలా?

అమెరికాలో స్లాపీ జో అనే పేరుతో, గొడ్డు మాంసపు కైమాను పులుపూ తీపీ కలిసిన టమాటా సాస్‌లో ఉడికించి, గుండ్రటి బన్నులో పెట్టుకుని తింటారు. ముంబయి ఇరానీ హోటళ్లలో దొరికే కీమా పావ్ దానికి దగ్గరి చుట్టమే. విజయవాడలో ఆఫీసు నుంచి ఏడున్నరకు ఇల్లు చేరినవారు కూడా, మటన్ కైమాతో ఇదే వంటను ముప్పావు గంటలో ముగించవచ్చు.

నలుగురికి అరకిలో కైమా, ఎనిమిది పావ్ బన్నులు సరిపోతాయి. బేకరీలో తీపి బన్నులు కాకుండా చప్పటివే అడిగి తీసుకోవాలి. మాంసాన్ని ముక్కలుగా ఉన్నప్పుడే కడిగించి, ఆ తరువాత కైమా కొట్టించుకోవడం మంచిది; కొట్టించిన తరువాత కడిగితే అది స్పంజిలా నీరు పీలుస్తుంది. ఆదివారం తెచ్చినదాన్ని పలచని పొట్లాలుగా చేసి డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, వండే రోజు ఉదయమే ఫ్రిజ్ కింది అరలోకి మారిస్తే సాయంత్రానికి మెత్తబడుతుంది. వంటగట్టు మీద పెట్టి వెళ్లడం మాత్రం, ముఖ్యంగా మన వేసవిలో, ప్రమాదకరం.

వెడల్పాటి కుక్కర్‌లో రెండు చెంచాల నూనె కాగిన తరువాత, కైమాను పలచగా పరిచి, అర చెంచా పసుపు, ఒక చెంచా ఉప్పు చల్లి పెద్ద మంట మీద వేయించాలి. ఈ వంట రుచంతా ఇక్కడే ఉన్నది కనుక తొందరపడకూడదు. మొదట నీరు ఊరి బుడబుడమంటుంది. పది నిమిషాలకు ఆ చప్పుడు చిటపటగా మారి, గిన్నె అడుగున గోధుమరంగు పొర కట్టడం మొదలవుతుంది. చాలామంది బుడబుడ దగ్గరే ఉల్లిపాయలు వేసేస్తారు, దానితో కైమా వేగడానికి బదులు ఉడికి నీచు వాసన మిగులుతుంది.

ఇప్పుడు సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, ఒక కాప్సికం, చెంచాన్నర అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, పచ్చి వాసన పోయాక ఒక చెంచా ధనియాల పొడి, ఒక చెంచా కారం కలపాలి. గుంటూరు కారం ఒక్క చెంచాయేనా అని గుంటూరువారు నొచ్చుకోవచ్చు గాని, ఇది కూర కాదు, తీపి పులుపుల మధ్య నడిచే సాస్. తరువాత మూడు టమాటాల గుజ్జు, అర గ్లాసు నీరు పోసి, అడుగున పట్టిన పొరను గరిటెతో గీకి కలిపి, మూత పెట్టి నాలుగు కూతలు రానివ్వాలి. చికెన్ కైమాకు కూతలు అక్కరలేదు, మూత పెట్టి పన్నెండు నిమిషాలు ఉడికితే చాలు.

ఆవిరి పోయాక మూత తీసి, మూడు చెంచాల టమాటా కెచప్, నిమ్మకాయంత బెల్లం, ఒక చెంచా వెనిగర్ వేసి దగ్గరకు ఉడికించాలి. గరిటెతో మధ్యలో గీత గీస్తే, ఆ దారి రెండు క్షణాలు నిలిచి మెల్లగా పూడుకోవాలి; వెంటనే పూడిపోతే ఇంకా పలచగా ఉన్నట్టు, పూడకపోతే ఒక గరిటెడు వేడినీరు కావాలన్నట్టు. చివర అర చెంచా గరం మసాలా, కొత్తిమీర.

బన్నులను అడ్డంగా కోసి, లోపలి వైపు వెన్న రాసి పెనం మీద కరకరలాడేలా కాల్చాలి, ఎందుకంటే ఆ కాలిన పొరే రసం బన్నులోకి దిగకుండా అడ్డుపడుతుంది. ఒకసారి నేను వీటిని ముందే నింపి టిఫిన్ డబ్బాలో పెట్టి పంపితే, మూత తీసేసరికి ముద్దగా అంటుకుపోయి చెంచాతో తినవలసి వచ్చింది. కాబట్టి అందరూ కూర్చున్న తరువాతే, ఒక్కో బన్నుకు రెండు పెద్ద చెంచాల కైమా, పైన వెనిగర్‌లో నానిన ఉల్లి చక్రాలు పెట్టి అందించాలి. కైమా మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఉదయం బాగా వేడిచేసి పెసరట్టు మీద పరుచుకోవచ్చు.